చతురంగసంఖ్య : గణితధర్మములు, పాఠనిర్ణయమున దాని సాక్ష్యము

1. ప్రస్తావన

పద్యమున సంఖ్యను నిబంధించుట మన పూర్వులకు పరిపాటి. శాసనకర్తలు శకవర్షములను, సిద్ధాంతకారులు గ్రహభగణములను, గణితకవులు లెక్కల ఫలములను అంకెలతో గాక పదములతో చెప్పిరి. చంద్రుడన్న ఒకటి, కన్నులన్న రెండు, అగ్నులన్న మూడు, వేదములన్న నాలుగు, మన్మథుని బాణములన్న ఐదు, ఆకాశమన్న సున్న. ఇదియే భూతసంఖ్యాపద్ధతి. ఇందు అంకెలకు వామగతి. అనగా మొదటి పదమునకు వచ్చు అంకెను ఏకస్థానమునను, రెండవదానిని దశస్థానమునను, ఇట్లు కుడినుండి యెడమకు వేసికొనుచు పోవలెను.

ఇట్టి రచనలలో తెలుగున మిక్కిలి ప్రసిద్ధి కెక్కినది పావులూరి మల్లన పేర వాడుకలోనున్న చతురంగపద్యము. చదరంగపు బల్లపై అరువదినాలుగు గళ్ళుండును. మొదటి గడిలో ఒక గింజ, రెండవదానిలో రెండు, మూడవదానిలో నాలుగు, ఇట్లు గడిగడికి రెట్టింపు చేయుచు పోయినచో మొత్తమెంత? ఆ మొత్తము ఇరువది స్థానముల సంఖ్య: 18446744073709551615. పద్యము చంపకమాల. దాని మొదటి రెండు పాదములును, మూడవపాదపు తొలిభాగమును ఈ యిరువది యంకెలను చెప్పుటకే వినియోగింపబడినవి.

ఈ సంఖ్యను ప్రస్తావించువారు సాధారణముగా దాని పరిమాణమునకు ఆశ్చర్యపడి యంతటితో విడుతురు. ఈ వ్యాసముయొక్క ఉద్దేశము వేరు. ఈ సంఖ్య ఎవరి యిచ్ఛచేతను మారునది కాదు. కవి చెప్పినను చెప్పకున్నను, లేఖకుడు సరిగా వ్రాసినను తప్పు వ్రాసినను అది యదియే. కావున పద్యములోని పదముల విలువలను నిర్ణయించుటకు పద్యమునకు వెలుపల నిలిచిన సాక్షి యొకటి మనకు లభించినట్లైనది. నిఘంటువు సందేహించినచోట, ఛందస్సు రెండు పాఠములకును సమ్మతించినచోట, ఈ సాక్షి యేమి చెప్పగలదో, ఏమి చెప్పజాలదో విచారించుటయే యిచట తలపెట్టిన పని. దానికి ముందు సంఖ్యయొక్క గణితధర్మములు కొన్ని తెలిసికొనవలసియున్నవి.

2. సంఖ్యోత్పత్తి

ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది అని రెట్టింపగుచు పోవు వరుసను గణితకారులు గుణోత్తరశ్రేఢి యందురు. దీని మొత్తము కనుగొనుటకు అరువదినాలుగు సంఖ్యలను కూడనక్కరలేదు. మొదటి గడి మొత్తము 1. అది రెండవ గడిలోని సంఖ్యకు ఒకటి తక్కువ. మొదటి రెండు గళ్ళ మొత్తము 3. మూడవ గడిలోని 4 కు ఒకటి తక్కువ. మొదటి మూడు గళ్ళ మొత్తము 7. నాలుగవ గడిలోని 8 కి ఒకటి తక్కువ. ఈ క్రమము చివరివరకును చెల్లును. కావున అరువదినాలుగు గళ్ళ మొత్తము, అరువదియైదవ గడి యున్నచో దానిలో నుండవలసిన సంఖ్యకు ఒకటి తక్కువగును. అనగా 2 యొక్క 64వ ఘాతమునుండి ఒకటి తీసివేసిన శేషము.

ఆ ఘాతమును సాధించుటకు కూడ అరువదినాలుగు మారులు రెట్టింపనక్కరలేదు. పింగళుని ఛందస్సూత్రములలో ఇందుకు సులభోపాయము చెప్పబడినది. సంఖ్య సరియైనచో సగము చేయవలెను. బేసియైనచో ఒకటి తీసివేయవలెను. పిదప వెనుకకు మరలి, సగము చేసినచోట వర్గమును, ఒకటి తీసినచోట రెట్టింపును చేయుచు రావలెను. అరువదినాలుగును ఆరుమారులు సగము చేయగా ఒకటి వచ్చును. కావున రెండుతో మొదలిడి ఆరు వర్గములు చేసిన చాలును. ఆ వరుస యిది:

2
4
16
256
65536
4294967296
18446744073709551616

చివరిదానినుండి ఒకటి తీసినచో మన సంఖ్య సిద్ధించును. ఈ చిన్న పట్టిక ముందు మరల ఉపయోగపడును.

మల్లన సారసంగ్రహగణితమునకు మూలమైన గణితసారసంగ్రహమును రచించిన మహావీరాచార్యుడు రాష్ట్రకూట ప్రభువైన అమోఘవర్ష నృపతుంగుని కాలమువాడు, గ్రంథకాలము క్రీ.శ. 850 ప్రాంతము. గుణోత్తరశ్రేఢులకు సూత్రములు ఆ గ్రంథమున కలవు. అందలి స్థానముల పట్టికలో ఇరువదినాలుగు పేరులున్నవి. మన సంఖ్యకు కావలసిన ఇరువదవ స్థానము అందు మహాశంఖము. భాస్కరాచార్యుని లీలావతిలో పట్టిక పదునెనిమిదవ స్థానమైన పరార్ధముతో ముగియును గనుక ఆ పట్టిక ప్రకారము ఈ సంఖ్యను స్థాననామములతో చదువుటకు పేరులే చాలవు. భూతసంఖ్యాపద్ధతికి అట్టి యిబ్బంది లేదు. స్థానమునకు పేరున్నను లేకున్నను అంకెకు పదముండిన చాలును. అంత పెద్ద సంఖ్యను చెప్పుటకు కవి యీ పద్ధతిని గ్రహించుటలో గల ఔచిత్యమిది.

చతురంగ ద్విగుణీకరణము మన దేశమునకే పరిమితమైన ముచ్చట కాదు. క్రీ.శ. 1000 ప్రాంతమున అల్బీరూనీ ప్రాచీనజనుల కాలగణనములను గూర్చి వ్రాసిన గ్రంథమున ఈ సంఖ్యనే సాధించి యిచ్చినాడు. చదరంగమును కనిపెట్టిన భారతీయుడు రాజును గోధుమగింజలు కోరిన కథను పదుమూడవ శతాబ్దమున ఇబ్న్ ఖల్లికాన్ తన చరిత్రకోశమున చెప్పెను. 1883లో ఎడ్వార్ లూకా అను ఫ్రెంచి గణితవేత్త హనోయి గోపురమను ఆటను వెలువరించినాడు. అందు అరువదినాలుగు బిళ్ళలను ఒక కంబమునుండి మరియొక కంబమునకు నియమానుసారముగ మార్చుటకు కావలసిన ఎత్తుల సంఖ్యయు ఇదియే. నేటి గణనయంత్రములలో అరువదినాలుగు ద్వ్యంకస్థానముల గదిలో ఇముడు సంఖ్యలలో గరిష్ఠమైనదియు ఇదియే. ఇన్ని తావుల ఒకే సంఖ్య కనబడుటకు కారణము ఒకరినుండి యొకరు గ్రహించుట కాదు. అరువదినాలుగు రెట్టింపులు ఉన్నచోటనెల్ల అది తప్పక పుట్టును.

పరిమాణమును గూర్చి యొక్కమాట. క్షణమునకు, అనగా నేటి సెకండునకు, ఒక గింజ చొప్పున రాత్రింబవళ్ళు ఎడతెగక లెక్కించినను ఈ లెక్క ముగియుటకు సుమారు 58,450 కోట్ల సంవత్సరములు పట్టును. పురాణములు చెప్పు కల్పము 432 కోట్ల సంవత్సరములు. కావున ఆ లెక్క ముగియులోపల 135 కల్పములు గడచును.

3. ఛందశ్శాస్త్రముతో సంబంధము

తెలుగు విద్యార్థికి ఈ సంఖ్య పరాయిది కాదు. ఛందస్సులోని షట్ప్రత్యయములను చదివినవానికి దీని పుట్టుక సుపరిచితము. ప్రతి యక్షరమును గురువో లఘువో కావలెను గనుక ఒక యక్షరము పెరిగినకొలది వృత్తముల సంఖ్య రెట్టింపగును. ఇరువది యక్షరముల కృతిచ్ఛందమున 1048576 వృత్తములు. ఇరువదియొక్క యక్షరముల ప్రకృతిచ్ఛందమున 2097152 వృత్తములు. ఉత్పలమాల మొదటిదానిలోనిది, చంపకమాల రెండవదానిలోనిది.

ఒక వృత్తము ప్రస్తారమున ఎన్నవదో తెలిసికొనుటకు ఉద్దిష్టమను ప్రక్రియ కలదు. పాదములోని యక్షరములపై వరుసగా 1, 2, 4, 8 అని రెట్టింపు సంఖ్యలను వేసి, లఘువులపై నున్న సంఖ్యలను మాత్రము కూడి, ఒకటి చేర్చవలెను. చంపకమాలకు న, జ, భ, జ, జ, జ, ర గణములు. ఈ ప్రకారము దాని లఘువులపై నున్న సంఖ్యల మొత్తము 711599; ఒకటి చేర్చగా 711600. కావున చంపకమాల ప్రకృతిచ్ఛందమున 711600వ వృత్తము.

ఇప్పుడు అరువదినాలుగు యక్షరముల పాదమునొకదానిని ఊహింతము. అక్షరములన్నియు లఘువులే యనుకొందము. ఉద్దిష్టమునకై వాటిపై వేయు సంఖ్యలు 1, 2, 4, 8 మొదలైనవి. ఇవి చదరంగపు గళ్ళలోని గింజల సంఖ్యలే. వాటి మొత్తము చతురంగసంఖ్య. దానికి ఒకటి చేర్చగా వచ్చునది ఆ ఛందమున కడపటి వృత్తముయొక్క సంఖ్య, అనగా ఆ ఛందమున గల వృత్తముల మొత్తము. ఉద్దిష్టమున చేర్చు ఆ యొకటియు, శ్రేఢీగణితమున తీసివేయు ఈ యొకటియు నొక్కటియే. చంపకమాలలో ఈ సంఖ్యను చెప్పిన కవి యీ సంబంధమును ఉద్దేశించెనని చెప్పుటకు ఆధారము లేదు. కాని ఛందోవేత్తకును గణితవేత్తకును ఇచట ఒకే సూత్రము పని చేయుచున్నదనుట నిస్సందేహము.

4. భాజకములు

ఒక సంఖ్యయొక్క వర్గమునుండి ఒకటి తీసివేసినచో వచ్చు శేషము, ఆ సంఖ్యకు ఒకటి తక్కువైన సంఖ్యను ఒకటి యెక్కువైన సంఖ్యచే గుణించిన ఫలమునకు సమానము. ఉదాహరణమునకు 16 వర్గము 256; ఒకటి తీయగా 255; ఇది 15 ను 17 చే గుణించిన ఫలము. ఈ న్యాయమును పైన చూపిన వర్గముల పట్టికకు క్రమముగా అన్వయించుచు దిగివచ్చినచో ఒక రమణీయమైన ఫలితము తేలును. చివరి పంక్తిని విడిచి, తక్కిన ప్రతి సంఖ్యకును ఒకటి చేర్చి, వచ్చినవాటినన్నిటిని గుణించినచో చతురంగసంఖ్య వచ్చును. అనగా

3 × 5 × 17 × 257 × 65537 × 4294967297 = 18446744073709551615.

ఈ ఆరు గుణకములును ఫెర్మా సంఖ్యలని పాశ్చాత్యగణితమున ప్రసిద్ధములు. పదునేడవ శతాబ్దమున ఫెర్మా యను ఫ్రెంచి గణితవేత్త ఇట్టి సంఖ్యలన్నియు అవిభాజ్యములని, అనగా ఒకటిచేతను తమచేతను తప్ప నిశ్శేషముగ భాగింపబడనివని, ఊహించెను. మొదటి యైదింటి విషయమున ఆ యూహ సత్యము. ఆరవదానిని గూర్చి 1732లో ఆయిలరు దాని యసత్యత్వమును చూపెను: 4294967297 అను సంఖ్య 641 చే నిశ్శేషముగ భాగింపబడును, లబ్ధము 6700417.

దీనిని భాగహారము చేయకయే గ్రహింపవచ్చును. 641 ఒక విధమున 5 × 128 కి ఒకటి యెక్కువ. మరియొక విధమున 5 యొక్క నాల్గవ ఘాతమగు 625 కు 2 యొక్క నాల్గవ ఘాతమగు 16 ను చేర్చగా వచ్చునది. 128 అనగా 2 యొక్క ఏడవ ఘాతము. 641 చే భాగించునపుడు 5 × 128 కి శేషము −1 అని మొదటి రూపము చెప్పును. దానిని నాల్గవ ఘాతమునకు ఎత్తినచో, 5 యొక్క నాల్గవ ఘాతమును 2 యొక్క 28వ ఘాతముచే గుణించిన ఫలమునకు శేషము 1. రెండవ రూపమునుబట్టి 5 యొక్క నాల్గవ ఘాతమునకు బదులు −16 వేయవచ్చును. అప్పుడు 2 యొక్క 32వ ఘాతమునకు శేషము −1 అని తేలును. దానికి ఒకటి చేర్చిన 4294967297 కు శేషము సున్న.

కావున చతురంగసంఖ్యయొక్క అవిభాజ్యగుణకములు ఏడు: 3, 5, 17, 257, 641, 65537, 6700417. ఏ యొక్కటియు రెండుమారులు రాలేదు. అందుచే ఈ సంఖ్యకు ఒకటియు తానును కలుపుకొని 128 భాజకములుండును.

ఐదు సంఖ్యలలో కనబడిన క్రమము ఆరవదానిలో భంగమైనది. చూపునకు సాధువుగ తోచిన దానిని పరీక్షింపక అంగీకరింపరాదను ఈ నీతి గ్రంథపరిష్కర్తకును వర్తించును.

5. శేషపరీక్షలు

పెద్ద సంఖ్య సరియైనదో కాదో తెలిసికొనుటకు దానిని చిన్న సంఖ్యచే భాగించి శేషమును చూచుట ప్రాచీనోపాయము. తొమ్మిదితో చేయు పరీక్ష ద్వితీయార్యభటుని మహాసిద్ధాంతమున కలదు. ఏ సంఖ్యతోనైనను పరీక్షింపవచ్చునని నారాయణపండితుడు 1356 నాటి గణితకౌముదిలో చెప్పెను. మన ప్రయోజనమునకు రెండు పరీక్షలు చాలును.

మొదటిది తొమ్మిది పరీక్ష. అంకెలను కూడిన మొత్తమును 9 చే భాగించిన శేషమే సంఖ్యకును శేషము. చతురంగసంఖ్యలోని యంకెల మొత్తము 87, శేషము 6. ఇది సరియైనదే యని వేరుదారిన చూడవచ్చును. 2 యొక్క ఆరవ ఘాతము 64. దానికి 9 చే శేషము 1. కావున ఆరేసి ఘాతములను త్రోసివేయవచ్చును. 64లో ఆరులు పోగా 4 మిగులును. 2 యొక్క నాల్గవ ఘాతము 16, శేషము 7, ఒకటి తీయగా 6.

రెండవది పదునొకటి పరీక్ష. కుడినుండి బేసిస్థానములలోని యంకెలను ఒకవైపును, సరిస్థానములలోని యంకెలను ఒకవైపును కూడి, మొదటి మొత్తమునుండి రెండవదానిని తీసివేయవలెను. ఇచట బేసిస్థానముల మొత్తము 62, సరిస్థానముల మొత్తము 25, భేదము 37, పదునొకటిచే శేషము 4. ఘాతములదారిన చూచినను, 2 యొక్క పదవ ఘాతమునకు 11 చే శేషము 1 గనుక, 16 కు శేషము 5, ఒకటి తీయగా 4.

ఈ రెండింటి శక్తి సమానము కాదు. ఒక స్థానమున ఒక యంకె మారినచో తొమ్మిది పరీక్ష దానిని పట్టుకొనును. కాని సున్నకు తొమ్మిదియో, తొమ్మిదికి సున్నయో వచ్చినచో పట్టుకొనజాలదు. అంకెల క్రమము తారుమారైనను మొత్తము మారదు గనుక అదియు దానికి అందదు. పదునొకటి పరీక్ష ఏ యేకాంకదోషమునైనను పట్టుకొనును. ప్రక్కప్రక్కనున్న భిన్నాంకములు రెండు స్థానములు మార్చుకొన్నను పట్టుకొనును. ఈ భేదమును మనసున నుంచుకొని పద్యమును పరిశీలింతము.

6. పద్యపాఠమునకు అన్వయము

పద్యములోని ఇరువది పదములను వాని అర్థమునుబట్టి వర్గీకరించినచో చంద్రవాచకములు మూడు, బాణవాచకములు మూడు, పర్వతవాచకములు మూడు, ఆకాశవాచకములు రెండు, సముద్రవాచకములు రెండు. వేదములు, బ్రహ్మముఖములు, అగ్ని, రంధ్రము, తర్కము, గజము అను అర్థములు గలవి ఒక్కొక్కటి. షట్కమను స్పష్టసంఖ్యాపదము ఒకటి. రెట్టింపుచే పుట్టిన ఈ సంఖ్యలో రెండను అంకె యొక్కటియు లేకుండుట విచిత్రము. అందుచే నేత్ర, పక్షాది శబ్దములకు ఇచట అవసరము కలుగలేదు.

ఈ పదములలో కొన్నింటి విలువ నిర్వివాదము, కొన్నింటిది కాదు.

సముద్రశబ్దము మొదటిది. పురాణములలో సముద్రములు ఏడు. సప్తసముద్రములని వినియున్న పాఠకుడు సహజముగా ఏడు వేసికొనును. భూతసంఖ్యలలో నాలుగని సంప్రదాయము. పద్యమున సముద్రవాచకములు కుడినుండి 13వ, 17వ స్థానములలో నున్నవి. ఆ రెండు తావులను ఏడు వేసినచో అంకెల మొత్తము 93. తొమ్మిదిచే శేషము 3. కావలసినది 6. కావున ఏడు చెల్లదు. మూడుచే భాగించి చూచినచో మాత్రము 87 వలెనే 93 కూడ నిశ్శేషముగ పోవును. అనగా మూడను భాజకముచే మాత్రము పరీక్షించినవాడు ఈ పొరపాటును గుర్తింపజాలడు.

పర్వతశబ్దము రెండవది. కులపర్వతములు ఏడను వాడుక యొకటి, అష్టకులపర్వతములను వాడుక మరియొకటి. పర్వతవాచకములు 9, 11, 15 స్థానములలో నున్నవి. మూడింటికిని ఎనిమిది వేసినచో మొత్తము 90. తొమ్మిదిచే శేషము లేదు. అది కూడ చెల్లదు. మూడు వేర్వేరు పర్యాయపదములు ఒకే పద్యమున ఏడు విలువనే పొందుట గమనింపదగినది. విలువ శబ్దమునకు గాక అర్థమునకు చెందినదనుటకు ఇది దృఢమైన నిదర్శనము.

రంధ్రశబ్దము మూడవది. దీనిలో చిక్కు సూక్ష్మతరము. దేహమున నవరంధ్రములున్నవి గనుక అది తొమ్మిది. రంధ్రమనగా శూన్యస్థలము గనుక కొన్ని పట్టికలలో దానికి సున్న విలువయు కలదు. పద్యమున ఈ పదము ఏడవస్థానమున నున్నది. దానికి సున్న వేసినచో అంకెల మొత్తము 78. తొమ్మిదిచే శేషము 6. సరియైన శేషమే వచ్చినది! తొమ్మిది పరీక్షను మాత్రము నమ్మినవాడు తప్పుపాఠమును సాధువని ప్రమాణీకరించును. పదునొకటి పరీక్షలో బేసిస్థానముల మొత్తము 53, భేదము 28, శేషము 6, కావలసినది 4. ఇచట దోషము బయటపడినది. కావున రంధ్రము ఇచట తొమ్మిదియే.

వామగతిని మరచి పదములను ఎడమనుండి కుడికి వేసికొన్నవానికి 51615590737044764481 వచ్చును. అంకెల మొత్తము మరల 87 గనుక తొమ్మిది పరీక్ష మౌనము వహించును. పదునొకటిచే శేషము 7 అగుటచేతను, చివర ఐదు లేకుండుటచేతను అది త్యాజ్యము.

ఇక లేఖకదోషములు. శశి యను పదమునకు మారుగా లేఖకుడు శిఖి యని వ్రాసెననుకొందము. రెండును రెండేసి లఘువులు. ఆ తావున యతిగాని ప్రాసగాని లేదు. ఛందస్సు రెండింటిని సమానముగ అంగీకరించును. అర్థమునుబట్టి చూచినను రెండును సంఖ్యావాచకములే. కాని శశికి ఒకటి, శిఖికి మూడు. అంకెల మొత్తము 89 అగును. తొమ్మిదిచే శేషము 8. గణితము వెంటనే అభ్యంతరము చెప్పును.

దీనికి విపరీతమైన సందర్భమును చూతము. మొత్తమునుండి ఒకటి తీసివేయు సూత్రమును మరచి ఎవరైన 64వ ఘాతమునే యుద్దేశించి మొదటి పదమగు శర శబ్దమును రస యని దిద్దిరనుకొందము. రసములారు, అంకె 6, సంఖ్య 2 యొక్క 64వ ఘాతమే యగును. ఇది గణితమున ఒక సుందరమైన సంఖ్యయే గనుక దిద్దినవానికి తప్పు తోచకపోవచ్చును. కాని పాదాదియందుండుటచే ఆ పదమును యతిప్రాసలు రెండును కాపాడుచున్నవి. రకారముతో ప్రారంభించినచో యతి చెడును. రెండవయక్షరము సకారమైనచో ప్రాస చెడును. గణితము తడబడుటకు అవకాశమున్న తావున ఛందస్సు రక్షించినది.

మూడవ సందర్భమొకటి కలదు. శశికి మారుగా విధు అని వ్రాసినచో విలువ ఒకటే, మాత్రలొకటే, అర్థమొకటే. గణితమును ఛందస్సును రెండును ఊరకుండును. అట్టిచోట వ్రాతప్రతుల సాక్ష్యము తప్ప వేరు శరణ్యము లేదు. ఈ పద్ధతికి గల హద్దు ఇచట స్పష్టమగుచున్నది. గణితము అంకెను కాపాడును గాని పదమును కాపాడజాలదు.

7. శాసనములకు అన్వయము

చతురంగపద్యమున సముద్రమునకు ఏడు వేసినందువలన కలుగు నష్టము ఒక లెక్క తప్పుటయే యని తోపవచ్చును. శాసనములలో నష్టము అంత స్వల్పము కాదు. రాజరాజనరేంద్రుని కోరుమిల్లి తామ్రశాసనమున ఆతని పట్టాభిషేకవర్షము వేద, సముద్ర, నిధి అర్థములు గల శబ్దములచే చెప్పబడినది. సముద్రమునకు నాలుగు వేసికొన్నచో శకము 944, అనగా క్రీ.శ. 1022. ఏడు వేసికొన్నచో శకము 974, అనగా క్రీ.శ. 1052. ముప్పది సంవత్సరముల భేదము! నన్నయభట్టారకుని ఆశ్రయించిన కాలనిర్ణయమంతయు ఆ రాజు కాలముపై ఆధారపడియున్నదని వేరుగ చెప్పనక్కరలేదు.

శకవర్షమున చతురంగసంఖ్యలోవలె అంతర్గతమైన గణితనియమము లేదు. 944 కును 974 కును గణితదృష్టిలో భేదము లేదు. రెండును సంవత్సరములు కాదగినవే. కాని శాసనకర్త వర్షముతో తృప్తినొందక సింహరాశిగతుడైన సూర్యుని, కృష్ణపక్ష ద్వితీయను, ఉత్తరాభాద్రానక్షత్రమును, గురువారమును చెప్పినాడు. క్రీ.శ. 1022 ఆగస్టు 16వ తేది గురువారము. నాటి తిథియు బహుళ ద్వితీయయే. శేషపరీక్ష పెద్ద సంఖ్యకు చేయు పనిని ఇచట తిథివారములు చేయుచున్నవి. రెండు తావులను న్యాయమొక్కటే: సందిగ్ధమైన పదమును, పదముపై ఆధారపడని మరియొక లెక్కతో సరిచూడవలెను.

అదిగాక ఈ రెండును ఒకదానికొకటి బలము నిచ్చుచున్నవి. తెలుగుదేశపు శాసనరచనలో సముద్రము నాలుగని తిథివారములు చెప్పుచున్నవి. తెలుగు గణితకవిత్వములో సముద్రము నాలుగని 2 యొక్క 64వ ఘాతము చెప్పుచున్నది. నిఘంటుకారుని మాటకు ఇంతకు మించిన సమర్థనము అరుదుగ దొరకును.

8. ఉపసంహారము

పైవిచారణవలన తేలిన యంశములు ఇవి. చతురంగపద్యములోని ఇరువది పదముల విలువలును గణితముచే స్థిరపడినవి గనుక, భూతసంఖ్యల విలువలను గూర్చి ఆ పద్యము నిఘంటువులపై నాధారపడని ప్రమాణము. ఆ ప్రమాణము ఆ పద్యమునకు మాత్రమే సంపూర్ణముగ చెల్లును. రంధ్రము ఇచట తొమ్మిదియైనంతమాత్రమున సర్వత్ర తొమ్మిదియే యనరాదు. ప్రతిచోటను ఆయా సందర్భమునకు తగిన పరీక్ష కావలెను. పరీక్షించునపుడు తొమ్మిదితో తృప్తిపడక పదునొకటితోను చూడవలెను. ముఖ్యముగా సున్న, తొమ్మిది అంకెలున్న తావులను, క్రమభంగమునకు వీలున్న తావులను ఇది తప్పనిసరి.

విద్యార్థులు భూతసంఖ్యాపద్యమును పరిష్కరించునపుడు కోశమును, ఛందస్సును, లెక్కను మూడింటిని కలిపి చూచుట అలవరచుకొనవలెను. వీనిలో ఏ రెండు సమ్మతించినను మూడవదానిని అడుగక పాఠమును ముద్రింపరాదు. సాహిత్యవిద్యార్థి లెక్కను గణితశాఖవారి పని యని విడిచినను, గణితవిద్యార్థి యతిప్రాసలను తెలుగుశాఖవారి పని యని విడిచినను ఇట్టి పద్యములు ఇరువురికిని సగమే యర్థమగును. మల్లనవంటి గణితకవుల రచనలలోని తక్కిన సంఖ్యాపద్యములను గూడ ఈ మూడు సాక్ష్యములతో పరిశీలించిన యెడల సందిగ్ధపాఠములు కొన్నియైనను నిస్సందేహముగ తేలగలవు.